నాణెం కొనే ముందు: తులం రూపాయితో మొదలుపెట్టండి

తిరుపతిలో పాత నాణేల సేకరణపై ఆసక్తి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకు, తోటి సేకర్తలకు, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన చరిత్ర విద్యార్థులకు నమస్కారం. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. చిత్తూరులో ఒక బ్యాంకు శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా క్యాషియరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చిల్లర లెక్కపెట్టడం వృత్తి కాగా, ఆ చిల్లరను నిలిపి చూడడం తరువాత అంటుకున్న అలవాటు. నిర్వాహకులు నన్ను అరుదైన నాణేల గురించి మాట్లాడమన్నారు. నేను వారి అనుమతితో విషయాన్ని కొంచెం పక్కకు తిప్పుకున్నాను. అరుదైన నాణేన్ని గుర్తుపట్టాలంటే ముందుగా ఏ మాత్రం అరుదుకాని నాణేన్ని క్షుణ్ణంగా తెలుసుకుని ఉండాలని నా అనుభవం చెబుతున్నది కనుక, ఈ పూట దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు వరుస నుంచి ఒక స్టీలు పళ్ళెం పంపిస్తున్నాను. అందులో అయిదో జార్జి బొమ్మ ఉన్న రూపాయలు పది ఉన్నాయి. దయచేసి ప్రతి నాణేన్నీ అంచు దగ్గర బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకోండి. బొమ్మ మీదా బొరుసు మీదా వేలు పెట్టకండి. వేలి చెమటలో ఉండే ఉప్పు, జిడ్డు వెండి మీద కొన్ని నెలల తరువాత వేలిముద్రలా నల్లగా తేలుతాయి, ఆ మచ్చ ఇక పోదు. ఆ పదింటిలో రెండు నకిలీవి. ఎవరికైనా అనుమానం వస్తే మనసులో పెట్టుకోండి, పక్కవారికి చెప్పకండి.

ఈ రూపాయినే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. ఈస్ట్ ఇండియా కంపెనీ 1835లో తన పాలనలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయిని తెచ్చినప్పుడు దాని బరువును 180 గ్రెయిన్లుగా, అంటే మన పాత లెక్కలో సరిగ్గా ఒక తులంగా నిర్ణయించింది. నేటి కొలతలో అది 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం, మిగిలినది రాగి. విలియం రాజు పోయి విక్టోరియా వచ్చినా, ఆ తరువాత ఎడ్వర్డు, జార్జి వచ్చినా, 1939 వరకు ఆ బరువూ మారలేదు, మేలిమీ మారలేదు. వంద సంవత్సరాలకు పైగా ఒకే కొలతతో అచ్చయిన నాణెం అంటే, నేర్చుకునేవాడికి అంతకు మించిన కొలబద్ద దొరకదు. పైగా అది చవక. 1918 నాటి రూపాయినే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి ఎంత కరువు వచ్చిందంటే, 1917లో ప్రభుత్వం కాగితపు రూపాయి నోటు తేవలసి వచ్చింది; మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి, ఆ వెండిని మన దేశపు టంకశాలల కోసం అమ్మింది. ఆ వెండితో బొంబాయి, కలకత్తా టంకశాలలు కోట్ల కొద్దీ రూపాయలు కొట్టాయి. నూరేళ్ళ నాటిది కాబట్టి చాలా విలువైనదని ఎవరైనా మీకు 1918 రూపాయి చూపిస్తే, ఆ మాటలో మొదటి సగం మాత్రమే నిజం.

ఇప్పుడు నాణేన్ని చూద్దాం. బొమ్మ వైపు కిరీటం, గడ్డం, రాజు వేసుకున్న అంగరఖా, దాని మీద వేలాడే పతకాల గొలుసు ఉంటాయి. ఆ అంగరఖా మీద వక్షస్థలం దగ్గర ఒక చిన్న ఏనుగు ఉంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి ఆ ఏనుగునే చూడండి. 1911లో మొదట వచ్చిన నమూనాలో ఈ ఏనుగు తొండం పొట్టిగా, కాళ్ళు కురచగా ఉండి పందిలా కనిపిస్తున్నదని జనంలో అలజడి రేగింది. 94 లక్షల దాకా తయారైన రూపాయలలో 7 లక్షలు మాత్రమే బయటికి వెళ్ళాయి, తక్కినవాటిని కరిగించి, 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించే కొత్త అచ్చు వాడారు. సేకర్తలు ఆ 1911 నాణేన్ని నేటికీ పంది రూపాయి అనే పిలుస్తారు. బొరుసు వైపు పూలతీగ మధ్య విలువ, సంవత్సరం ఉంటాయి. అడుగున ఉన్న తామరపువ్వు కింద చిన్న చుక్క ఉంటే అది బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. ఈ చుక్క వెతకడం మొదటి రోజు పది నిమిషాల పని, నెల తరువాత రెప్పపాటు పని. కన్ను అలా అలవాటుపడాలి.

అరుగుదలను చదవడం ఆ తరువాతి మెట్టు. జేబులో, సంచిలో, గల్లాపెట్టెలో తిరిగిన నాణెంలో ముందుగా అరిగేవి ఎత్తుగా ఉన్న భాగాలు: కిరీటం మీది రాళ్ళు, కనుబొమ్మ, చెవి పైఅంచు, గడ్డపు వెంట్రుకలు, ఏనుగు వీపు. కిరీటంలోని రత్నాలు విడివిడిగా లెక్కపెట్టగలిగితే నాణెం మంచి స్థితిలో ఉన్నట్టు, అవన్నీ ఒక పట్టీలా కలిసిపోతే బాగా తిరిగినట్టు. అమ్మకందారులు వాడే ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అనే మాటల దగ్గర చాలామంది కొత్తవారు పొరబడతారు. నాణేల లెక్కలో ఫైన్ అంటే బాగున్నదని అర్థం కాదు. చాలా అరిగి, వివరాలు సగానికి సగం పోయిన నాణేన్నే ఫైన్ అంటారు. ఒకే సంవత్సరపు, ఒకే టంకశాల నాణేలు మూడు వేర్వేరు స్థితుల్లో కొని, ఒక పక్కగా పేర్చి చూస్తే ఈ మాటలన్నీ పుస్తకం అవసరం లేకుండానే అర్థమవుతాయి. వాటికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఇక తూకం. వందో వంతు గ్రాము వరకు చూపే చిన్న తక్కెడ ఇప్పుడు కొన్ని వందల రూపాయలకు దొరుకుతున్నది. నేను దాన్ని కళ్ళజోడుతో పాటు జేబులోనే పెట్టుకుంటాను. మంచి స్థితిలో ఉన్న రూపాయి 11.6 గ్రాములకు అటూ ఇటుగా ఉండాలి, బాగా అరిగినది 11.4 వరకు రావచ్చు. పది గ్రాములో పన్నెండున్నరో వస్తే ఆ నాణెంతో మనకు పని లేదు. అయితే కొత్తవారు తరచుగా పట్టించుకోని సంగతి ఒకటి ఉన్నది. రాజు ముఖం నున్నగా అరిగిపోయి, కిరీటం కూడా కనిపించని నాణెం తక్కెడ మీద 11.66 చూపిస్తే మీరు సంతోషించకూడదు, అనుమానించాలి. ముఖం అరిగినప్పుడు బరువు కూడా అరగాలి కదా. ఆ అరుగుదల చేతులు మారడం వల్ల వచ్చింది కాదు, అరిగిన అసలు నాణెం నుంచి తీసిన అచ్చులో ఆ అరుగుదల కూడా పడింది.

తూకం సరిపోయినా లోహం వేరు కావచ్చు. దానికి నీళ్ళ పరీక్ష ఉన్నది, ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. తక్కెడ మీద ఒక చిన్న గాజు గ్లాసులో నీళ్ళు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. తక్కెడ ఇప్పుడు చూపే అంకె ఆ నాణెం తొలగించిన నీటి బరువు. 11.66 గ్రాముల వెండి రూపాయికి అది 1.13 గ్రాములు రావాలి. రాగి, నికెల్, జింకు కలిపిన జర్మన్ సిల్వరుతో చేసినదైతే అదే బరువుకు 1.34 దగ్గర వస్తుంది. ఆరో జార్జి కాలంలో 1940 నుంచి ప్రభుత్వమే వెండిని 50 శాతానికి తగ్గించింది కాబట్టి ఆ రూపాయలకు 1.22 దాకా రావడం సహజం. ఇక్కడ తేడాలు చిన్నవి. నాణేనికి అంటుకున్న ఒక్క గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకని ముందుగా నాణేన్ని తడిపి, బుడగలు లేవని చూసుకుని, మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి. మా ఇంట్లో ఈ పరీక్ష ఎంత ఎక్కువగా చేస్తానంటే, వంటగదిలో నాకని ఒక గ్లాసు వేరుగా పెట్టేశారు.

మా బ్యాంకులో నాకు పని నేర్పిన పాత క్యాషియర్లు రూపాయిని బల్ల మీద కొట్టి మోత వినేవారు. సేకరణ నాణేనికి ఆ పని చేయకండి, అంచు నొక్కుకుపోతుంది. నాణేన్ని వేలి కొన మీద నిలిపి పెన్సిలుతో మెల్లగా తాకితే చాలు, వెండి గుడి గంటలాగా సాగదీసి మోగుతుంది, సీసం కలిసినది టక్కున ఆగిపోతుంది. కానీ కంటికి కనిపించని పగులున్న మంచి నాణెం కూడా మోగదు కనుక ఇది తీర్పు చెప్పే పరీక్ష కాదు, అనుమానం పెంచే పరీక్ష మాత్రమే. అయస్కాంతం సంగతీ అంతే. వెండి, రాగి, బంగారం అయస్కాంతానికి అంటుకోవు. కానీ 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయి నికెలుతో చేసినది, అది అంటుకుని తీరాలి. నాణేన్ని గురించి తెలియకుండా అయస్కాంతం మాత్రమే తెలిసినవాడు ఆ అసలు నాణేన్ని నకిలీ అని పారేస్తాడు.

ఇన్ని పరీక్షలు చెబుతున్న నేను మోసపోలేదా అంటే, మోసపోయాను. రిటైరైన మరుసటి ఏడాది, వేరే ఊరిలో జరిగిన ఒక ప్రదర్శనలో 1939 రూపాయి కనిపించింది. ఆ సంవత్సరపు రూపాయి ఎంత అరుదైనదో ఇక్కడ ఉన్న సేకర్తలకు నేను చెప్పనక్కరలేదు. నా తక్కెడ తీసి తూచాను, సరిపోయింది. అంచు గీతలు చూశాను, బాగున్నాయి. అమ్మే వ్యక్తి మర్యాదస్తుడు, టీ కూడా తెప్పించాడు. రెండు నెలల పింఛను ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చుని భూతద్దం పెట్టినప్పుడు, సంవత్సరంలోని చివరి తొమ్మిది చుట్టూ నేల భాగం, అంటే అంకెల వెనక ఉండే చదును, మిగతా నేలకంటే వెంట్రుకవాసి లోతుగా, సన్నటి గీరుళ్ళతో కనిపించింది. అదే నాణెం మీద ముందున్న తొమ్మిదితో పోల్చి చూశాను. ముందు తొమ్మిది తోక గుండ్రంగా తిరిగి ఆగుతుంది, చివరి దానిది నరికినట్టు ఆగింది. అది 1938 నాటి అసలు రూపాయి. చివరి ఎనిమిదిని ఎవరో ఓపికగా చెక్కి తొమ్మిది చేశారు. బరువు నిజం, వెండి నిజం, నీళ్ళ పరీక్ష పెట్టినా 1.13 వచ్చింది. నా తక్కెడ నాకు అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను. ఆ నాణేన్ని మళ్ళీ అమ్మలేదు. పళ్ళెంలో లేదు, నా చొక్కా జేబులో ఉంది, తరువాత చూపిస్తాను. అప్పటి నుంచి ఖరీదైన సంవత్సరం ఏది కనిపించినా, ఆ సంవత్సరానికి ముందూ వెనకా వచ్చిన చవకైన నాణేన్ని పక్కన పెట్టి ఒక్కో అంకెనూ పోల్చకుండా డబ్బు తీయడం లేదు.

పోత పోసిన నకిలీలను పట్టడం దీనికంటే తేలిక. టంకశాలలో చల్లటి లోహపు బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య టన్నుల బలంతో నొక్కుతారు. లోహం అచ్చులోని మూలమూలకూ తోసుకుపోతుంది కనుక అక్షరం గోడలా నిటారుగా లేచి, నేలను కలిసే చోట పదునైన కోణం చేస్తుంది. పోతలో కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. అందువల్ల అక్షరాలు సబ్బు మీద రాసినట్టు మెత్తగా, మొదళ్ళు గుండ్రంగా ఉంటాయి. నేల మీద సూదిమొన గుంటలు, కొన్నిచోట్ల ఆవగింజలో పదో వంతు ఉండే బుడిపెలు కనిపిస్తాయి. అంచు చుట్టూ తిప్పి చూస్తే రెండు సగాలు కలిసిన అతుకు గీతో, దాన్ని ఆకురాయితో రుద్దిన జాడో దొరుకుతుంది. కొనేవారు బొమ్మా బొరుసూ చూస్తారు, మూడో వైపు చూడరు. నకిలీ చేసేవాడికి ఆ సంగతి తెలుసు.

కడగడం గురించి నాకు కొంచెం కోపం ఉన్నది, ఆ కోపం మన ఇళ్ళ మీదే. పాత నాణెం దొరకగానే మనవారు మొదట చేసే పని చింతపండు వేసి తోమడం. ఇంకా ప్రేమ ఎక్కువైతే పీతాంబరి, విబూది. నాణెం తళతళలాడుతుంది, దాని విలువలో సగానికి పైగా కాలువలో కలిసిపోతుంది. అచ్చు దెబ్బకు లోహం బయటివైపు పారినప్పుడు ఏర్పడిన అతి సన్నని రేఖల వల్ల, వాడని నాణేన్ని దీపం కింద మెల్లగా తిప్పితే వెలుగు బండిచక్రపు ఆకుల్లా తిరుగుతుంది. తోమిన నాణెంలో ఆ తిరుగుడు ఉండదు, వెలుగు ఒకేచోట చచ్చుబడి ఉంటుంది, భూతద్దంలో ఒకే దిక్కుకు సాగిన గీతలు వందలు కనిపిస్తాయి. అక్షరాల సందుల్లో నలుపు, మిగతా అంతా తెలుపు అయితే తోమినట్టే. వెండి మీద ఏళ్ళ తరబడి సహజంగా పట్టిన రంగు అంచు నుంచి మధ్యకు మెల్లగా మారుతూ వస్తుంది, దానికి సేకర్తలు అదనంగా డబ్బిస్తారు. రాగి నాణెం మీద పొడిపొడిగా రాలే పచ్చటి చిలుము మాత్రం వేరే విషయం, అది లోహాన్ని తినేస్తుంది, అలాంటిది చవకగా వచ్చినా వద్దు. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బముల్లో పెట్టిన నాణేల మీద జిగటగా వచ్చే పచ్చటి పొర కూడా నష్టమే చేస్తుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన లోపం ఇంకొకటి ఉన్నది. మన అవ్వల కాలంలో వెండి రూపాయలకు రింగులు అతికించి దండ గుచ్చేవారు, బంగారు సవరన్లతో కాసులపేరు చేయించేవారు. కష్టకాలంలో ఆ దండలు తెగి, రింగులు ఊడి, నాణేలు మళ్ళీ సంతకు వచ్చాయి. సరిగ్గా రాజు తల పైన, గడియారంలో పన్నెండు ఉండే చోట, అంచును చూడండి. అక్కడ రెండు మూడు గీతలు కనిపించకుండా నునుపుగా ఉంటే, లేదా లోహం రంగు కొంచెం పసుపుగా తిరిగి ఉంటే, అది టంకం పెట్టి ఊడదీసిన మచ్చ. మంచి కంసాలి ఆ చోట గీతలను మళ్ళీ చెక్కగలడు, కానీ యంత్రం కొట్టిన గీతల మధ్య ఎడం సమానంగా ఉంటుంది, చేతితో చెక్కినవి ఒకదానికొకటి దగ్గరా దూరం అవుతాయి. అలాంటి నాణేన్ని వెండి ధరకు కొనుక్కుని, ఎవరి మెడలో ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో అని దాచుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. సేకరణ ధర ఇవ్వడమే తప్పు.

ఇంతవరకు యంత్రపు నాణేలు. ఇక మన నేల మీద పుట్టిన చేతి నాణేల దగ్గరికి వస్తే లెక్కలన్నీ తారుమారవుతాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో తరచుగా కనిపించేది టిప్పు సుల్తాను ఏనుగు పైసా. గుర్రంకొండకు జఫరాబాద్ అని పేరు పెట్టి అక్కడ కూడా ఆయన టంకశాల నడిపాడు. సుత్తితో కొట్టిన నాణెం కనుక ఏనుగు ఒక పక్కకు జరిగి ఉండవచ్చు, తోక బిళ్ళ బయటికి పోయి ఉండవచ్చు, అంచు చీలి ఉండవచ్చు. ఇవేవీ లోపాలు కావు. ఏనుగు నట్టనడుమ, చుట్టూ చుక్కల వలయం పూర్తిగా, బిళ్ళ నాణ్యంగా గుండ్రంగా ఉన్న పైసా ఎవరైనా ఇస్తే అప్పుడు నేను భూతద్దం తీస్తాను. ఆర్కాటు రూపాయలలో మరో చిక్కు ఉన్నది. మద్రాసులో కంపెనీవారు తామరపువ్వు గుర్తుతో కొట్టినవాటి మీద మొఘలు చక్రవర్తి రెండో ఆలంగీరు పేరూ, 1172 హిజ్రీ సంవత్సరమూ స్థిరంగా ఉండిపోయాయి. ఆ చక్రవర్తి పోయిన ఎన్నో దశాబ్దాలకు కూడా అదే సంవత్సరంతో నాణేలు వచ్చాయి. నాణెం మీది తేదీ దాని పుట్టిన తేదీ అని అనుకునేవాడు అక్కడ బోల్తాపడతాడు.

తిరుపతిలో నాణేలు కొనేవారికి ఎదురయ్యే పెద్ద ప్రమాదం లోహంలో ఉండదు, కథలో ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి గెలిచి 1514లో శ్రీవారికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించిన మాట శాసనాలు చెబుతున్న నిజం. ఆ కనకాభిషేకంలోని వరహా ఇదేనని చెప్పి నాకు ఇప్పటికి నలుగురు నాణేలు చూపించారు. రాయలవారి బాలకృష్ణుని వరహా అంటే చిటికెన వేలి గోటికి కొంచెం పెద్దదిగా, 3.4 గ్రాముల బరువుతో ఉంటుంది. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, మరోవైపు నాగరి లిపిలో రాయలవారి పేరు. అది ఎక్కడెక్కడ తిరిగిందో ఆ నాణెం మీద ఎక్కడా రాసి ఉండదు, కనుక ఆ కథకు విడిగా ధర చెల్లించవలసిన పని లేదు. చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతి రాయలు తోరణం కింద నిలిచిన వేంకటేశ్వరుణ్ణి ఒకవైపు, 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని మరోవైపు వేయించిన వరహాలు కూడా ఉన్నాయి. మద్రాసు కంపెనీవారు శ్రీదేవీ భూదేవీ సమేతంగా స్వామిని వేసి కొట్టిన మూడు స్వాముల వరహాలూ ఉన్నాయి. వీటన్నింటినీ కంసాలులు హారాల కోసం తరతరాలుగా అనుకరించి కొట్టారు. వారు ఎవరినీ మోసం చేయాలనుకోలేదు, భక్తి కోసం నగ చేశారు. అలాంటి దాన్ని గీటురాయి మీద గీస్తే బంగారం మేలిమిదే అని తేలుతుంది. బంగారం నిజమైనంత మాత్రాన నాణెం నిజం కాదన్నది ఇక్కడ మరచిపోకూడదు. గీటురాయి మీద గీసిన ప్రతి గీతా నిజమైన వరహాకు గాయమే కనుక, అది నకిలీ అని రూఢి అయ్యే దాకా ఆ రాయి జోలికి పోవద్దు.

గుడి వీధుల్లో రుద్రాక్షలు, శంఖాలు, రాగి ఉంగరాలతో పాటు గుడ్డ మీద పరిచి పెట్టే రామపట్టాభిషేకం, ఆంజనేయస్వామి బొమ్మల 'ఈస్ట్ ఇండియా కంపెనీ అణాల' గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. 1818 అని, 1616 అని, ఏవేవో సంవత్సరాలు వేసి ఉంటాయి. కంపెనీ టంకశాలలు అలాంటి నాణేన్ని ఎన్నడూ కొట్టలేదు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని ఊరికే అనలేదు. వాటి మీద ఉన్నన్ని దేవుళ్ళు, నక్షత్రాలు, ఇంగ్లీషు అక్షరాలు ఏ అసలు అణా మీదా ఉండవు. పూజలో పెట్టుకుంటే మంచిదే. బియ్యపు గింజలను లాక్కునే ఇరిడియం నాణెం అని చెప్పి వాటినే లక్షలకు అమ్మజూపే ముఠాల చేతిలో మన జిల్లాలో చదువుకున్నవారు కూడా చిక్కుకున్నారు. బియ్యాన్ని ఆకర్షించే నాణెం లోకంలో లేదు. అలాగే 2012లో వచ్చిన వైష్ణోదేవి అయిదు రూపాయల, పది రూపాయల బిళ్ళలకు లక్షలు ఇస్తామని ఫోన్లు వస్తుంటాయి. ముందుగా పన్ను కట్టమనో కమీషను పంపమనో అడుగుతారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే తాము పాత నాణేలు, నోట్ల కొనుగోళ్ళు అమ్మకాలు చేయబోమని, వాటికి ఎలాంటి రుసుమూ అడగబోమని ప్రకటన ఇచ్చింది. నా దగ్గరికి ఆ బిళ్ళలు తెచ్చేవారికి నేను కాఫీ ఇచ్చి పంపిస్తుంటాను.

ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, స్థితిని బట్టి 70కి ఇంత అని అంకె వేసి ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి అమెరికా సంస్థల నాణేలు ఇప్పుడు మన మార్కెట్లోకీ వస్తున్నాయి. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు అవి ఉపయోగమే. అయితే ఆ డబ్బీలకు కూడా నకిలీలు ఉన్నాయి, కాబట్టి డబ్బీ మీది సంఖ్యను ఆయా సంస్థల వెబ్‌సైటులో చూసి, అక్కడి ఫొటోలోని ప్రతి మచ్చనూ చేతిలోని నాణెంతో పోల్చాలి.

ధర విషయానికి వస్తే, తులం రూపాయిలో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు ఉంటుంది. కొనడానికి బయలుదేరే ముందు గాంధీ రోడ్డులో ఏ దుకాణంలోనైనా ఆ పూట గ్రాము వెండి ధర అడిగి గుణించుకుంటే, దాని కింద ఏ అసలు రూపాయీ పడిపోని నేల ధర తెలుస్తుంది. మామూలు సంవత్సరపు, అరిగిన రూపాయి ఆ నేలకు కొంచెం పైన ఉండాలి. దానికి రెండింతలు అడిగితే ఎందుకని అడగండి. సంవత్సరమా, టంకశాలా, స్థితా? ఈ మూడింటిలో ఒకటి వేలు పెట్టి చూపించగలిగితే బేరం కొనసాగించవచ్చు. చూపించలేక తాతగారి కథ మొదలుపెడితే కథకు దండం పెట్టి లేవండి. నేల ధర కంటే బాగా తక్కువకు ఇస్తామన్నప్పుడు మరింత త్వరగా లేవండి.

విద్యార్థులు చట్టం గురించి తప్పక అడుగుతారు కనుక ఇప్పుడే చెబుతాను. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో నాణేల కుండ దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటితే చాలు, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. దాచి అమ్మడం నేరం. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి చట్టం కింద పురావస్తువులే కనుక ఎవరంటే వారు దేశం దాటించరాదు. మట్టి వదలని నాణేలు తక్కువ ధరకు వస్తున్నాయంటే, అవి ఎక్కడి నుంచి వచ్చాయో అడగడం కొనేవాడి బాధ్యత. పైగా కుండలోని నాణేలు చెదిరితే, ఏ రాజు కాలంలో ఎవరు ఎందుకు పాతిపెట్టారన్న సంగతి వాటితోనే పోతుంది. వేలం పాటలో వెయ్యి రూపాయలు తెచ్చే నాణెం కుండలో తోటి నాణేల పక్కన ఉన్నప్పుడు పరిశోధకుడికి చెప్పగలిగేది చాలా ఎక్కువ.

పళ్ళెం చివరి వరుసకు చేరినట్టుంది. ఇక్కడ బల్ల మీద తక్కెడ, నీళ్ళ గ్లాసు, దారం, రెండు భూతద్దాలు ఉన్నాయి. అనుమానం వచ్చిన నాణేలను ఒక్కొక్కటిగా తెచ్చి, ఎందుకు అనుమానం వచ్చిందో ముందు చెప్పి, ఆ తరువాతే తూచండి. ఒకదానిని తక్కెడ పట్టిస్తుంది. రెండోదానిని మాత్రం అంచు తిప్పి చూసినవారే పడతారు. రెండో వరుసలోని అమ్మాయి ఇందాకటి నుంచి ఒక రూపాయిని వేలి మీద నిలిపి పెన్సిలుతో మూడుసార్లు మోగించి చెవి పెట్టి వింటున్నది. రా తల్లీ, నీతోనే మొదలుపెడదాం.